ఎడమ కంటి సాక్ష్యం

గోడ తెల్లగా ఉంది. కాదు, కుడి కంటికి తెల్లగా ఉంది. అరచేత్తో కుడికన్ను మూసి ఎడమ కంటితో చూస్తే అదే గోడ, అదే సున్నం, పొగచూరిన లాంతరు గాజు వెనక నుంచి చూస్తున్నట్టు పసుపులోకి దిగిపోతోంది. శ్రీరంగప్ప చెయ్యి మార్చాడు. తెలుపు. మళ్లీ మార్చాడు. పసుపు. ఎదురు వరుసలో ఆకుపచ్చ గౌను తొడుక్కుని కూర్చున్న ముసలామె, ఈయనకేదో పట్టిందన్నట్టు చూస్తోంది, చూడనీ. కుడికన్ను పోయిన నెల ఇదే ఆసుపత్రిలో బాగు చేశారు. ఈ పొద్దు ఎడమది. ఏ కంటికో పొరబడకుండా ఎడమ కనుబొమ్మ పైన గుండ్రటి కాగితం అంటించారు. ఎలిజబెత్ సిస్టర్ ఇందాకే వచ్చి తల వెనక్కి వంచి, కంట్లో చల్లగా ఒక చుక్క వేసి, "నాలుగు తూర్లు ఎయ్యల్ల సార్, పది పదైదు నిమిషాలకొక తూరి. గంటలో లోపలికి పిలుస్తారు" అని చెప్పి పోయింది. గంట. అరవై తొమ్మిదేళ్లుగా తనతో ఉన్న కటకం, ఇప్పుడు పొర కమ్మిన కటకం, ఇంకొక గంట ఉంటుంది. ఆ తర్వాత రెండు కళ్లకూ గోడ తెల్లగానే ఉంటుంది, ఆ పసుపు ఎట్లా ఉండేదో చెప్పడానికి లోకంలో ఎవరూ మిగలరు. ముప్పై నాలుగేళ్లు సైన్సు చెప్పిన మనిషికి ఆ మాట గుండెల్లో ఎక్కడో గుచ్చుకుంది. సాక్షి ఉన్నది ఒక్కటే, ఆ సాక్షిని గంటలో తీసేస్తున్నారు. సాక్షి ఉండగానే నేరం ఒప్పుకోవాలి కదా, సాక్షి పోయాక ఒప్పుకుంటే అది ఒప్పుకోవడమేనా, జ్ఞాపకం చెప్పుకోవడం అవుతుంది గానీ.

నేరం అన్న మాట నిన్న సాయంత్రం మిద్దె మీద పుట్టింది. ఆరబెట్టిన చింతపండు ఎత్తుకురమ్మని భారతి పంపితే ఎక్కాడు. నెల రోజులుగా దుమ్ము పడగూడదని నల్ల కళ్లద్దాలు, పొద్దుగూకితే గడప దాటకపోవడం. ఆకాశం ముఖం చూసి ఎన్నాళ్లయిందో. జనవరి చివర, గాలి ఆగింది, మొయిలు లేదు. బత్తలపల్లె వీధి దీపాలు ఇంకా పూర్తిగా వెలగలేదు. తూర్పు దిక్కున గొల్లకావడి అప్పటికే పైకెక్కి నిలబడి ఉంది, మూడు చుక్కలు ఒక వరుసలో, కావడిబద్ద మాదిరి. దానికి ఒక పక్క ఎర్రటి ఆరుద్ర, ఇంకో పక్క గొల్లవాని కాలి చుక్క. అద్దాలు తీశాడు. కాలి చుక్క నీలంగా ఉంది. గ్యాసు పొయ్యి చిన్నగా పెడితే మంట అంచున కనిపించే నీలం, తెలుపులోంచి తొంగి చూసే నీలం. చింతపండు చాట చేతిలోనే ఉండిపోయింది. కుడికన్ను మూశాడు. ఎడమ కంటికి అదే చుక్క బెల్లం నీళ్ల చుక్కలా ఉంది. తెరిచాడు. నీలం. మూశాడు. బెల్లం. అప్పుడు నోట్లోంచి, తాను అనుకోకుండానే, పదకొండేళ్లుగా అనని ఒక పేరు వచ్చింది. ఆంజినమ్మా.

ఆ నీలం కొత్తది కాదు, అదే వింత. దాన్ని ముందే ఎరుగుదునే అనిపించింది, చిన్నప్పుడు తప్పిపోయిన మేకపిల్ల ముసలిదై గుమ్మంలో నిలబడ్డట్టు. బెళుగుప్ప దగ్గర తమ బావి, ఆ బావి మీద కపిలి, కపిలికి కట్టిన రెండెద్దులు, తోలుసంచి పైకి వచ్చి కాలువలో గబగబా నీళ్లు కుమ్మరించే చప్పుడు. కార్తీకంలో కోడి కూయకముందే నాయన లేపేవాడు. నాయనకు గడియారం లేదు, పడమటికి వాలుతున్న గొల్లకావడే గడియారం. కంబళి కప్పుకుని తూగుతున్న కొడుకు గడ్డం పట్టుకుని పైకెత్తి, "ఆ గొల్లోని కాలికి నీలి కడియం ఉండాది, చూడు. అది గట్టు దిగేలోపల నాలుగు మడులు తడపల్ల మనము" అనేవాడు. నీలి కడియం. నాయనకు అక్షరం రాదు. పుస్తకంలో ఏముందో ఆయనకు తెలిసే దారి లేదు, మరి ఆ నీలం ఎక్కడిది? కంటిది. ఆ చలి, తడిసిన తోలు వాసన, ఎద్దుల ఊపిరి ఆవిరి, కాలి వేళ్ల సందుల్లోకి ఎక్కే చల్లటి ఎర్రబురద, ఆ మడులు, ఆ బావి. బావి ఎండి ఎంతకాలమైందో. ఇప్పుడు ఆ గట్టు మీద గాలిమరలు నిలబడ్డాయి, చీకటిపడితే వాటి నెత్తిన ఎర్ర దీపాలు ఆరి ఆరి వెలుగుతాయి, కొత్తగా ఊరికి వచ్చినవాళ్లు వాటిని కూడా చుక్కలనుకుంటారు. నాయన ఉంటే వాటికీ ఏదో పేరు పెట్టి ఉండేవాడు.

పక్కన భారతి ఆసుపత్రి కాగితాలను ఒకదాని కింద ఒకటి సర్దుతోంది. నలభై రెండేళ్ల కాపురం. ఏ కాగితమూ పోనివ్వని మనిషి. ఆమె చేతికి నీలం చీర కొంగు చుట్టుకుని ఉంది. పోయిన నెల దాకా అది బూడిద రంగు చీర అనుకున్నాడు, బూడిద రంగు ఎందుకు కట్టుకుంటావని ఒకసారి విసుక్కున్నాడు కూడా.

"భారతీ, పెండ్లయిన కొత్తలో మిద్దెమీద నీకు చుక్కలు చూపించినా గదా, గుర్తుండాదా?"

"ఉండాది. మా గోరంట్ల నుంచి తెచ్చుకున్న నీలం గాజుల చెయ్యి పైకి పట్టుకోమన్నావు. చుక్క ఎక్కువ నీలమా, గాజులు ఎక్కువ నీలమా చెప్పమన్నావు."

"నువ్వేమన్నావు?"

"గాజులే అంటి. యాలప్పా ఇప్పుడు ఆ మాట, భయమైతాందా?"

లేదన్నట్టు తల ఊపాడు. భయం కాదు. ఆ గాజుల చప్పుడు వినిపిస్తోంది, అద్దె ఇంటి మిద్దె, పిట్టగోడ లేని మిద్దె, ఎక్కడ పడుతుందోనని ఆమె మణికట్టు పట్టుకోవడం, పట్టుకోవడానికి అదొక నెపం. అప్పుడు నీలమే. తనే చూపించాడు, నీలం అని. మరి ఎప్పుడు పోయింది? ఒక్కరోజులో పోలేదు. చేతిలో పిండి జారినట్టు, ఎంత జారిందో తెలియకుండా, యాభై దాటాక ఏ ఏటికాయేడు ఇంత ఇంత. చక్కెర జబ్బు వచ్చింది, దాంతోబాటు ఇది కూడా చడీచప్పుడు లేకుండా వచ్చి ఉంటుంది. ఏదో ఒక చలికాలంలో కాలి చుక్కను చూసి, ఏం నీలం, తెలుపే కదా, లేత పసుపు కూడా కలిసింది, అనుకున్నది గుర్తుంది. మరి పాత నీలం సంగతి? దానికి కూడా జవాబు చెప్పుకున్నాడు. వయసులో ఉన్నవాడికి, పక్కన కొత్త పెళ్లాం ఉన్నవాడికి అన్నీ నీలంగానే కనబడతాయిలే అని. నాయన మాటా? అది పాటలాంటి మాట, చదువురానివాళ్ల ముచ్చట. కన్ను మారింది అనుకోవడానికి బదులు తన యవ్వనం అబద్ధమాడిందనుకున్నాడు, నాయన అబద్ధమాడాడనుకున్నాడు. కన్ను మాత్రం నిజం. ఎంత సులభంగా అనుకున్నాడు!

సిస్టర్ వచ్చింది. రెండో చుక్క. "కన్ను మూసుకోండి సార్, నలపగూడదు." మూసుకున్న రెప్పల వెనక తరగతి గది తెరుచుకుంది. బండలు పరిచిన గది, కిటికీ రేకు గాలికి కొట్టుకుంటూ, నల్లబల్ల మీద సగం చెరిగిన పొద్దుటి లెక్కలు. శుక్రవారం ఆఖరి పీరియడ్ పాఠం ఉండేది కాదు, ఆట ఉండేది. దాక్కున్న మాట ఆట. బల్ల మీద ఒక వాదం రాసేవాడు, అందులో వాది నోరు విప్పి చెప్పకుండా లోపల దాచుకున్న మాట ఏదో పిల్లలు పట్టుకోవాలి. మొదటిసారి రాసింది, "మబ్బు పట్టింది. కాబట్టి వాన పడుతుంది." రాసి తిరిగేసరికి తరగతి తరగతంతా పగలబడి నవ్వింది. "మబ్బు పడితే వాన పడల్లని యాడుండాది సార్?" అని ఒకేసారి పది గొంతులు. అనంతపురం జిల్లాలో ఆ దాక్కున్న మాటను పాలు తాగే బిడ్డ కూడా పట్టుకుంటుంది. తను కూడా నవ్వాడు, సుద్దముక్క జేబులో వేసుకుని నవ్వాడు. ఆ నవ్వుల్లో ఎన్ని ఏళ్లు గడిచాయో, ఎంతమంది పిల్లలు ఆ బండల మీద పెరిగి పెద్దవాళ్లయిపోయారో. అట్లాంటి ఒక శుక్రవారం రాశాడు, "ఈ చుక్క ఎక్కువ వెలుగుతోంది. ఆ చుక్క తక్కువ వెలుగుతోంది. కాబట్టి ఇది పెద్దది, అది చిన్నది." ఈసారి ఎవరూ నవ్వలేదు. బల్లపై చుక్కలు, బయట ఎండ. వెనక వరుసలోంచి, పట్టునూలుకు రంగులద్దే ఓబుళేసు కూతురు, తొమ్మిదో తరగతి ఆంజినమ్మ, లేచి నిలబడకుండానే, తనలో తాను అన్నట్టు అంది. "రెండూ ఒకే దూరంలో ఉండాయని ఎవురు చెప్పినారు సార్?" ఎన్నేళ్ల సర్వీసులో ఒకసారి వస్తుంది అట్లాంటి మాట. ఆ పొద్దు ఇంటికి నడిచి పోయాడు, బస్సెక్కలేదు, ఆ మాటను తోడు తీసుకుని నడవాలనిపించింది. జిల్లా సైన్సు ప్రదర్శనకు ఈ పిల్లే పోవాలని ఆ దారిలోనే అనుకున్నాడు.

అట్లా అనుకున్న మనిషే. అదే మనిషి. మూడు నెలలు తిరక్కుండానే. బడి మైదానం, జనవరి, ఏడు దాటింది, కరెంటు కోత, ఎప్పుడూ తిట్టుకునే కోత ఆ ఒక్క సాయంత్రం వరంలా ఉంది. గోనెసంచుల మీద ముప్పై ఇద్దరు పిల్లలు, నెత్తిన తువ్వాళ్లు, చేతుల్లో నోటు పుస్తకాలు. చుక్కలను రంగును బట్టి తరగతులుగా విడదీసే పాఠం. ఎర్రవి చల్లటివి, పసుపువి నడిమివి, నీలంవి అన్నిటికన్నా వేడివి. "పుస్తకం మూయండి, కన్ను తెరవండి. పుస్తకంలో ఉన్నది నాకు వద్దు. మీకు కనబడిందే రాయండి." ఎంత గర్వంగా అన్నాడు ఆ మాట! మంచి మాటే, ఇప్పటికీ మంచి మాటే, కత్తి మంచిదే అయినట్టు. టార్చిలైటు పట్టుకుని ఒక్కో పుస్తకం చూస్తూ వచ్చాడు. ఆరుద్ర ఎరుపు. రోహిణి కాషాయం. కాలి చుక్క, ఆంజినమ్మ పుస్తకంలో, నీలం.

"యాడ చూసి రాసినావు?"

"ఆడ సార్." వేలు పైకి చూపింది.

తను తలెత్తి చూశాడు. తెలుపు, లేత పసుపు కలిసిన తెలుపు. అప్పుడు ఆ చలిలో, ముప్పై ఇద్దరు పిల్లల ముందు నిలబడి, ఎంత చక్కగా, ఎంత వరుసగా వాదించాడు. పుస్తకం ఈ చుక్కను నీలం తరగతిలో వేసింది, నిజమే. కానీ ఆ నీలం పరికరాలకు తెలిసే నీలం, మామూలు కంటికి తెలియదు. నేను చూస్తున్నాను, నాకు నీలం లేదు. ఇదే చుక్క, ఇదే మైదానం, ఇదే నిమిషం. కాబట్టి నీలం అని రాసినవాళ్లు ఆకాశాన్ని చూసి రాయలేదు, పుస్తకాన్ని చూసి రాశారు. ఒక మెట్టు కూడా తప్పలేదు. "తప్పు రాస్తే క్షమిస్తా. చూడకుండా చూసినా అనేవాళ్లను క్షమించను. కొట్టెయ్ దాన్ని." "సార్, నాకు నీలంగానే కనపడతాండాది." "కొట్టెయ్." టార్చి వెలుతురులో ఆ పిల్ల నీలం అన్న మాట మీద ఒక్క గీత గీసింది. గట్టిగా గీయలేదు, కింది అక్షరాలు కనపడేట్టు, చదవబుద్ధైన వాళ్లు చదువుకునేట్టు, ఒకే ఒక్క సన్నటి గీత. పక్కన తెలుపు అని రాసింది. ఏడవలేదు. అప్పుడు దాన్ని కూడా మొండితనమే అనుకున్నాడు. ప్రదర్శనకు సురేంద్ర అనే ఇంకో పిల్లవాడి పేరు రాసి పంపాడు. మిగిలిన ముప్పై ఒక్క పుస్తకాల్లోనూ తెలుపే ఉంది. చూశారా, ముప్పై ఒక్కమంది, అనుకున్నాడు. ముప్పై ఒక్కమంది కాదు. తన ముఖం చూసి తన రంగు రాసుకున్న ముప్పై ఒక్కమంది. అంటే ఒక్కడే. ఒక్క కన్ను, పొర కమ్ముతున్న కన్ను, ముప్పై రెండుసార్లు సాక్ష్యం చెప్పింది.

దాక్కున్న మాట పట్టుకొమ్మని ఏళ్ల తరబడి పిల్లలకు నేర్పినవాడు, తన వాదంలో దాక్కున్న మాటను పట్టుకోలేకపోయాడు. చూసే కన్ను శుభ్రంగా ఉంది అన్న మాట. ఎంత చిన్న మాట. అంత దగ్గరగా ఉంటే ఎవరికి కనబడుతుంది, కంటి రెప్పను కన్ను చూస్తుందా. సిస్టర్ మూడోసారి వచ్చింది, మూడో చుక్క పడింది, చెంప మీదికి కారింది, భారతి దూదితో తుడిచింది. ఇప్పుడు ఎడమ కంటికి గోడ అలుక్కుపోతోంది, అంచులు కరుగుతున్నాయి, పసుపు మాత్రం ఇంకా పసుపుగానే ఉంది. ఆ పసుపులోనే ధర్మవరం బస్టాండు తేలి వచ్చింది. అయిదేళ్ల కిందట. మధ్యాహ్నం ఎండ, చెరుకురసం బండి గంటలు, మనుషుల మధ్యలో ఒక ఆడమనిషి రెండు పెద్ద నూలు మూటలు దించుకుంటోంది. మోచేతుల దాకా రంగు. అప్పుడు నలుపనుకున్నాడు. ముఖం చూసి గుర్తుపట్టాడు. గుర్తుపట్టి, ముప్పై నాలుగేళ్లు పిల్లలను పేరుపేరునా పిలిచినవాడు, ఆగి ఉన్న బస్సు వెనక్కి పోయి నిలబడ్డాడు, ఆమె ఆటో ఎక్కి పోయేదాకా. చేతులకు రంగు, అంటే చదువు ఆగిపోయింది. చదువు ఆగిపోయింది, అంటే ఆ గీతతోనే ఆగిపోయింది. ఆ గీత గీయించింది నేను. బస్సు టైరు పక్కన నిలబడి, కాలుతున్న రబ్బరు వాసనలో, ఈ మూడు మాటలూ ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. అప్పటికింకా ఆ పిల్ల పుస్తకం చూసి రాసిందనే నమ్మకం. అయినా ఇంత శిక్ష ఎందుకు వేశాననే బాధ. ఇప్పుడైతే ఆ నమ్మకం కూడా పోయింది.

"ఫోన్ ఇయ్యి భారతీ."

"ఫోన్ లోపలికి తీసుకపోగూడదని చెప్పినారు గదా."

"లోపలికి గాదు. ఈడనే. మా పిల్లకాయలు నన్ను ఏదో గ్రూపులో ఏసినారు చూడు, అందులో ఓబుళేసు కూతురు నెంబరు వెతుకు. నాకు అక్షరాలు అలికినట్టుండాయి."

"ఏ ఓబుళేసు? అద్దకం ఓబుళేసా? ఇప్పుడు ఆ పిల్లతో ఏం పని?"

"పని ఉండాది" అన్నాడు. ఆమె ఇంకేమీ అడగలేదు. ఎప్పుడు అడగగూడదో తెలిసిన మనిషి. వేలితో పైకి కిందికి తోసి తోసి, కళ్లద్దాలు ముక్కు మీదికి దింపుకుని, కడకు ఒక బొమ్మ దగ్గర ఆగింది. మనిషి ముఖం లేదు, దండెం మీద ఆరేసిన పట్టునూలు కట్టలు, చిలపలు. నీలం చిలపలు. నొక్కి చెవి దగ్గర పెట్టింది. మోగుతోంది. ఏమని మొదలుపెట్టాలో నిన్న సాయంత్రం నుంచీ వరుస కట్టుకున్నాడు, తల్లీ, నేను నీకు అన్యాయం చేశాను అని, కంటి పొర సంగతి, పొర నీలాన్ని మింగేస్తుందని డాక్టరు చెప్పిన సంగతి, మెట్టు మెట్టుగా. మోగుతోంది. ఎత్తకపోతే? ఎత్తకపోతే బాగుండు. ఛీ.

"ఎవురు?" గొంతు వెనక పొయ్యి మంట హోరు.

"నేను... శ్రీరంగప్పను. బడిలో సైన్సు..."

"సార్! బాగుండారా సార్?"

కట్టుకున్న వరుస అంతా జారిపోయింది. "ఆంజినమ్మా, అది నీలమే" అన్నాడు.

"ఏది సార్?"

"కాలి చుక్క. నా కంటికి పొర వచ్చి ఉన్నింది. పసుపు పొర. ఒక కంటిది తీసేసినారు, ఇంకొక కంటికి ఈ పొద్దు ఆపరేషన్. నువ్వు చూసే రాసినావు."

అవతల ఏదో గిన్నె మీద మూత పెట్టిన చప్పుడు. తర్వాత ఆమె అంది. "తెలుసు సార్."

"తెలుసా?"

"ఆ పొద్దే తెలుసు. ఇంటికి పోయి ఏడిస్తి. మా నాయన పుస్తకం తీసుకోని బయటికి పోయి, చుక్కను చూసి వచ్చి, నీలమే పాపా అన్నాడు. మా నాయనను కన్న మా అబ్బకు గూడా ముసలితనంలో ఇట్లనే అయిందంట సార్. నీలం కనపడక ఎక్కువెక్కువ పోసేవాడంట నూలుకు. పని ఇచ్చేటోళ్లు ఊరికే తిట్టేవాళ్లంట. కన్ను పోయిందని ఎవురో మొగంమీదనే చెప్పేస్తే, ఆ పొద్దు నుంచి అబ్బ రంగు కుండ దగ్గరికి రాలేదంట. అందుకని, మీ సారుకు పసుపు దిగుతాండాది, చెప్పగాకు, చెప్తే బడికి రావడం మానేస్తాడు అన్నాడు మా నాయన."

పదునాలుగేళ్ల పిల్ల. అబద్ధాలకోరు అన్న పేరు నెత్తిన పెట్టుకుని తొమ్మిదిలో మిగిలిన మూడు నెలలు, మళ్లీ పదో తరగతి మొత్తం, తన ఎదుటే కూర్చుంది. తను చెప్పే పాఠం వింటూ. తనను కాపాడుతూ. తన కన్ను సంగతి తనకు తప్ప ఒక ఇంట్లో ఇద్దరికి తెలుసు.

"నా వల్ల నీ చదువు..." అన్నాడు.

"నా చదువుకేమైంది సార్? అనంతపురంలో డిగ్రీ చేసినా, కెమిస్ట్రీ. రంగుల పని ఇష్టమై వచ్చినా. చేతులకు రంగు ఉంటే చదువు లేనట్టేనా సార్?" నవ్వింది, నవ్వులో ఎత్తిపొడుపు లేదు. "ధర్మవరం బస్టాండులో ఒకతూరి మిమ్మల్ని చూస్తి. బస్సెనక నిలబడుకోని ఉంటిరి. ఎవురి కోసమో చూస్తాండారేమో అనుకుంటి."

చెవులు కాలాయి. భారతి తన ముఖంలోకే చూస్తోంది. అంటే ఆ మూడు మాటల్లో కూడా దాక్కున్నవి ఉన్నాయి, ఒకటి కాదు. అయిదేళ్లు మోసిన ఆ బాధ కూడా సగం తన గొప్పే, తన చేతిలో ఒక పిల్ల బతుకు ఆగిపోయేంత గొప్పవాణ్ని అన్న గొప్ప.

"అయితే నీకు బాధ లేదా తల్లీ?"

"ఉండాది సార్. గీత కొట్టించినందుకు గాదు. సురేంద్రను పంపినందుకు గూడా గాదు. ఆ పొద్దు నుంచి బడి వదిలేదాక శుక్రవారం ఆటలో మీరు నన్ను ఒక్క ప్రశ్న గూడా అడగలేదు. చెయ్యి పైకెత్తితే పక్కనోళ్లను చూసేవాళ్లు. ఎత్తి ఎత్తి మానేసినా. అదొకటే సార్."

అది గుర్తులేదు. ఎంత వెతికినా గుర్తు రాలేదు. పైకెత్తిన ఒక చెయ్యి, ఏడాదికి పైగా, ఎన్ని శుక్రవారాలు, తన చూపు దాని మీదుగా ఎట్లా జారిపోయిందో. దానికి కంటి పొర కారణం కాదు. ఏ డాక్టరూ దానికి మందు వెయ్యలేడు. ఎలిజబెత్ సిస్టర్ నాలుగో చుక్క సీసా పట్టుకుని వచ్చి నిలబడింది, ఒక్క నిమిషం అని వేలు చూపించాడు, ఫోన్ రెండు చేతులతో పట్టుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. ఎన్నేళ్లకో ఆ గొంతు వచ్చింది, సుద్దముక్క చేతిలో ఉన్నప్పటి గొంతు.

"ఆంజినమ్మా, ఇప్పుడు అడుగుతాండా. ఆ పొద్దు మైదానంలో నేను చేసిన వాదంలో దాక్కున్న మాట ఏది?"

"చూసేవాని కన్ను బాగుందని."

"సరి."

"అది సగమే సార్."

"ఇంకొక సగం?"

"ఇద్దరికి రెండు రంగులు కనపడితే, తప్పు చిన్నోళ్లదే అయ్యుంటాదని."

వరండాలో ఎవరో దగ్గారు. ఎక్కడో ఫ్యాను కిర్రుమంటోంది. నిన్న సాయంత్రం నుంచి మిద్దె మీదా, పడక మీదా, ఈ కుర్చీలోనూ తిప్పి తిప్పి చూసి, పట్టుకున్నాను అనుకున్నవాడికి ఆ రెండో మాట ఎక్కడా తగల్లేదు. కన్ను బాగోలేకపోవడం తన తప్పు కాదు. ఇది తప్పు. కన్ను బాగున్నా కూడా ఇది తప్పే. తను సరిగ్గానే చూసి, ఆ పిల్లే పొరబడి ఉన్నా కూడా, అడగాల్సిన మాట ఒకటి అడగకుండా పోయింది, మనలో ఎవరి కన్ను తేడాగా ఉందో చూద్దాం రా, అని.

"సార్, పెట్టేస్తాండా. పట్టు కుండలో ఉండాది, ఇంకా ఉంటే రంగు ముదిరిపోతాది. ఆపరేషన్ అయినాక ఒక పొద్దు మా షెడ్డుకు రాండి, మా నాయన కూడా చూడల్ల అంటాంటాడు."

ఫోన్ ఆగిపోయింది. సిస్టర్ తల వెనక్కి వంచి నాలుగో చుక్క వేసింది, "లేయండి సార్, లోపలికి పిలుస్తాండారు" అని మోచెయ్యి పట్టుకుంది. శ్రీరంగప్ప లేచాడు. ఎడమ కంట్లో అంతా కరిగిపోయి, వెలుతురొక్కటే మిగిలింది. భారతి ఫోన్ కొంగున తుడిచి సంచిలో వేసుకుంటూ అడిగింది.

"ఏమంటాది ఆ పిల్ల?"

"సగం మార్కులేసింది" అన్నాడు శ్రీరంగప్ప. అని, నవ్వాడు. నవ్వితే రక్తపోటు పెరుగుతుంది సార్ అని సిస్టర్ అంటున్నా ఆగకుండా, తలుపు దాకా నవ్వుతూనే పోయాడు.